మొదటి వైపు మూడో పాట

గురువారం ప్రార్థన అయిపోయింది. టీ కప్పులు అందుకుని అందరూ సోఫాల్లోనూ కార్పెట్ మీదా సర్దుకుంటుంటే, ఆనందబాబు టైగర్స్ బేస్‌బాల్ ఆట ఎందాకా వచ్చిందో చూద్దామని టీవీ పెట్టాడు. ఆట ఆగి ఉంది. ప్రకటనలు వస్తున్నాయి.

కౌబాయ్ టోపీ మనిషి ఒకడు గిటార్ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నాడు. వెర్న్ హోలిస్టర్ ఇన్నేళ్ళుగా పాడిన పాటల్లో మేలైనవి ఏరి ఒకే రికార్డుగా వేశారని, కొట్లో గ్రేటెస్ట్ హిట్స్ అని అడిగితే ఇస్తారని వెనకనుంచి ఒక గొంతు హడావిడిగా చెబుతోంది. పాటల పేర్లు తెర మీద కిందినుంచి పైకి పాకుతున్నాయి. ఒక్కో పాట రెండు ముక్కలు వినిపించి ఇంకోదాంట్లోకి దూకుతున్నారు.

మూడో పాట అందుకోగానే దేవకుమారి చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"మన సుందర్ పాట!" అంది మూల కుర్చీలోంచి జ్ఞానమ్మ. సుందర్ అంటే దేవకుమారి భర్త, పోయి ఏడాదవుతోంది. జ్ఞానమ్మ ఆనందబాబు తల్లి. చూపు పోయి చాలాకాలమైంది గానీ, పాట విషయంలో ఆమెను దాటిపోయినవాళ్ళు ఆ సంఘంలో లేరు. "ఒరే బాబూ, మన పాట టీవీలో వేస్తున్నార్రా!"

ఆమెకు వినపడిందే గాని, తెర మీద ఏముందో కనపడలేదు. మిగతావాళ్ళకి కనపడింది. పొడుగాటి బార్ బల్ల, దాని మీద వరసగా గ్లాసులు, ఎర్ర దీపాల వెలుగులో తల వాల్చుకుని కూర్చున్న మగవాడు. రెండు ముక్కలు అయిపోయాయి. నాలుగో పాట వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ ఆట వచ్చింది. ఎవరూ ఆట చూడటంలేదు.

"బాణీలు ఒక్కోసారి కలుస్తుంటాయిలే వదినా" అంది శాంతి. ఆనందబాబు భార్య. చేతిలో పకోడీల పళ్ళెం అలాగే ఉంది.

"కలవడమేంటక్కా, అదే పాట" అన్నాడు జోసఫ్. గుడిలో కీబోర్డు వాయించే కుర్రాడు. "ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే రేడియోలో విన్నా. తాగి తాగి ఇంటికొచ్చేవాడి పాట. అందుకే ఆ పాట వాయిస్తుంటే నా కాలు ఊరుకునేది కాదు!"

ఎవరూ నవ్వలేదు. జోసఫ్ తన కప్పులోకి చూసుకున్నాడు.

"ఏమైందిరా? అందరూ ఎందుకు ఊరుకున్నారు?" అని అడుగుతోంది జ్ఞానమ్మ. "ఆదివారం ఆ పాట పాడతాం కదా, సుందర్ జ్ఞాపకార్థానికి?"

ఆనందబాబు టీవీ కట్టేశాడు. దేవకుమారి కప్పు కింద పెట్టి, కోటు కోసం లేచింది.

*

శుక్రవారం బడి నుంచి వచ్చి, వంటింటి బల్ల తుడిచి, దేవకుమారి స్టెన్సిల్ పరుచుకుంది. పగలు ఆమె కిండర్‌గార్టెన్ పిల్లలకి సాయం టీచరు. సాయంత్రాలు సంఘం పాటల పుస్తకం రాస్తుంది. తెలుగు టైపు మిషన్ అమెరికాలో ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు, ఆమె దస్తూరీ బాగుంటుంది కాబట్టి ఆ పని ఆమెకే వచ్చింది. పాత పుస్తకాలు చిరిగిపోయాయి. కొత్తవి ఆదివారానికల్లా తయారవాలి.

మైనం పూత పూసిన నీలం కాగితం కింద గట్టి పలక పెట్టి, ఇనుప మొన ఉన్న కలంతో ఒత్తి రాయాలి. ఎక్కువ ఒత్తితే చిరుగుతుంది, తక్కువైతే అచ్చులో పడదు. అన్నిటికన్నా కష్టం సున్నలు. తెలుగులో ఏ అక్షరమూ గుండ్రం తిరగకుండా ఉండదు. ఆ గుండ్రాన్ని పూర్తిగా చుట్టేస్తే మధ్య ముక్క ఊడిపోయి, అచ్చులో నల్లటి మచ్చ పడుతుంది. అందుకని ప్రతి సున్నకీ వెంట్రుకంత సందు వదలాలి. మొదటి పుస్తకం రాసేటప్పుడు చాలా కాగితాలు పాడుచేసి నేర్చుకుంది ఆ పని. ఇప్పుడు మామూలు పెన్నుతో రాసినా ఆమె అక్షరాలు పూర్తిగా మూసుకోవు.

నలభై ఒకటో పాట చివరి చరణంలో ఉండగా బెల్ మోగింది. ఆనందబాబు, శాంతి. శాంతి చేతిలో మూతపెట్టిన గిన్నె.

"వందనాలు సిస్టర్" అన్నాడు ఆనందబాబు. లోపలికి వచ్చాక కూడా కోటు విప్పలేదు.

"వందనాలు బ్రదర్. కూర్చోండి."

ఆయన కూర్చోకుండా బల్ల మీది స్టెన్సిల్ వంక చూశాడు. "ఎంతవరకు వచ్చింది?"

"తర్వాతది నలభై రెండు, ఆయన పాట."

ఆయన శాంతి వంక చూశాడు. శాంతి గిన్నె స్టవ్ మీద పెట్టి అక్కడే నిలబడింది.

"సుందర్ నాకు తమ్ముడి కింద లెక్క" అన్నాడు ఆనందబాబు. "మీకు తెలుసు. కానీ నిన్న అందరూ చూశారు. ఆరాధనలో పాడే పాట. బార్లో కూర్చున్న మనిషి పాట అది. పిల్లలు ఇళ్ళలో నవ్వుకుంటున్నారట. రేపు ఎవరైనా అమెరికన్ పాస్టర్ వస్తే, మనం ఆ బాణీ ఎత్తుకుంటే, ఆయన ఏమనుకుంటాడు?"

దేవకుమారి కలం మొనకి అంటిన మైనాన్ని గుడ్డతో తుడిచింది.

"ఏం చేయమంటారు?"

"కొత్త పుస్తకంలో వద్దు. నలభై మూడుని నలభై రెండు చేసి రాసుకుంటూ వెళ్ళండి. ఎవరికీ తేడా తెలియదు. ఆదివారం కూడా వేరే పాట పెట్టుకుందాం."

"ఆయన జ్ఞాపకార్థ కూడికలో ఆయన పాట వద్దు."

"మాట అలా తిప్పకండి వదినా" అంది శాంతి మెల్లగా.

"తిప్పడంలేదు శాంతీ. ఉన్నది చెబుతున్నాను." దేవకుమారి ఆనందబాబు వైపు తిరిగింది. "సంఘాన్ని ఆయన మోసం చేశాడంటారా?"

"అయ్యో, అదేం మాట! సుందర్‌కి తెలిసి ఉండదు. బాణీ ఎక్కడో చెవిన పడి ఉంటుంది, మాటలు అర్థమై ఉండవు."

"తెలిసే చేస్తే?"

ఆనందబాబు కోటు గుండీ ఒకటి పెట్టుకుని మళ్ళీ తీశాడు. సుందర్ రాజ్ ఆ పాట మొదటిసారి పాడిన రోజు, బాణీ ఎక్కడిది బ్రదర్ అని అడిగినవాడు ఆయనే. ఫ్యాక్టరీలో దొరికింది అన్నాడు సుందర్ రాజ్ నవ్వుతూ. పని చేసుకుంటూ కట్టుకున్నాడని అందరూ అనుకున్నారు. దేవకుమారి కూడా అదే అనుకుంది. ఇంకోసారి అడగలేదు.

"నంబర్లు మార్చను" అంది దేవకుమారి. "నలభై మూడు నలభై మూడుగానే ఉంటుంది. మధ్య పేజీ తెల్లగా ఉంటుంది. మీరు వద్దన్నారు కాబట్టి రాయను. తేడా తెలియకుండా మాత్రం చేయను."

"తెల్ల పేజీ చూసి అందరూ అడుగుతారు సిస్టర్."

"అడగనివ్వండి."

వాళ్ళు వెళ్ళాక గిన్నె మూత తీసి చూసింది. గోంగూర పచ్చడి. ఇక్కడ గోంగూర దొరకదు. శాంతి ఎండాకాలమంతా పెరట్లో పెంచి కోసి దాచుకున్న ఆకు. దేవకుమారి మూత పెట్టేసి, కొత్త స్టెన్సిల్ తీసి, పైన నలభై రెండు అని అంకెలు మాత్రం రాసింది.

*

శనివారం పొద్దున కూతురు నవోమి కారు తీసింది. ఆ పిల్లకి లైసెన్సు కొత్తగా వచ్చింది. ఎక్కడికి తీసుకెళ్ళమన్నా సంతోషమే.

"రికార్డ్ స్టోర్‌కా? నువ్వా?" అంది తాళం తిప్పుతూ.

మాల్‌లో ఆ కొట్టు నిండా పిల్లలు, చెవులు చిల్లులు పడే చప్పుడు. కంట్రీ సంగీతం, ఇక్కడి పల్లె పాటలు, వెనక మూలన ఉంది. దేవకుమారి అట్టలను ఒక్కొక్కటిగా ముందుకు వంచుకుంటూ వెళ్ళింది, లైబ్రరీలో కార్డులు చూసినట్టు. టోపీలు, గుర్రాలు, మళ్ళీ టోపీలు. చివరికి టీవీలో నవ్విన మనిషి దొరికాడు. గ్రేటెస్ట్ హిట్స్. వెనక్కి తిప్పింది. రెండు వైపుల పాటలూ వరసగా అంకెలతో ఉన్నాయి.

"మన పాటల పుస్తకం కూడా గ్రేటెస్ట్ హిట్సే కదమ్మా" అంది నవోమి భుజం మీదుగా చూస్తూ. "నువ్వు కంట్రీ రికార్డ్ బై చేస్తున్నావంటే నాన్న అయితే..." అని ఆగిపోయింది.

"నాన్న అయితే ఏం చేసేవాడు?"

"నవ్వేవాడు. కౌంటర్ దగ్గర ఉన్న అందరికీ చెప్పేవాడు."

"అవును. చెప్పేవాడు" అంది దేవకుమారి. ఏడాదిలో మొదటిసారి వాళ్ళిద్దరూ ఆయన పేరెత్తి నవ్వారు. కౌంటర్ దగ్గర కుర్రాడు చీర వంకా రికార్డు వంకా మార్చి మార్చి చూశాడు గానీ, ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి, నవోమి గదిలో మంచం అంచున కూర్చుని విన్నారు. మొదటి వైపు మూడో పాట. ముందు గిటార్ ఒక్కటే, తర్వాత ఆ లోతు గొంతు. దేవకుమారి వేళ్ళు తెలియకుండానే మోకాలి మీద తాళం వేశాయి. మనిషి యాస ఆమెకు పట్టుబడలేదు. నవోమి సూది ఎత్తుతూ దించుతూ ఒక్కో లైనూ చెప్పింది.

"ఊళ్ళో అన్ని బార్లూ క్లోజ్ చేసేశారు. ఇంక ఎక్కడికీ వెళ్ళలేడు. ఇంటికి వచ్చాడు. డోర్ లాక్ ఉంటుంది అనుకున్నాడు. ఆమె లాక్ చేయలేదు." నవోమి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "అంతే అమ్మా. ఆమె ఏమీ అనదు కూడా. లైట్ ఉంటుంది అంతే."

మొత్తం విన్నాక, నవోమి సూది పక్కకి పెట్టి అడిగింది. "నాన్నకి మీనింగ్ తెలుసా? తెలిస్తే, మనకి ఎందుకు చెప్పలేదు?"

నిన్నటి నుంచి దేవకుమారి తనను తాను అడుగుతున్నదీ అదే. తెలియక పాడాడంటే, అర్థం లేని మాట నోట పెట్టుకునే మనిషి కాదాయన. తెలిసి పాడాడంటే, దాచాడు. ఈ రెంటిలో ఏది ఒప్పుకోవాలో ఆమెకు తోచలేదు.

వంటింట్లో ఫోను పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసిన నంబర్లున్నాయి. సుందర్ రాజ్ చేతి రాత. గోడ పాడవుతోందని తను కసురుకునేది. ఇప్పుడు ఆ గోడకి రంగు వేయించడంలేదు. నాలుగో నంబరు లెస్టర్‌ది. ఫ్యాక్టరీలో ఆయన పక్కన పనిచేసిన, కెంటకీ నుంచి వచ్చిన మనిషి. సమాధి రోజున భార్యతో వచ్చి, చివర నిలబడి, గాజు పాత్రలో ఏదో వండుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఆ పాత్ర ఇంకా అలమారలోనే ఉంది.

ఫోన్ చేస్తే లెస్టర్ ఆమె గొంతు గుర్తుపట్టాడు. మిసెస్ రాజ్ అంటూ పలకరించాడు. ఆమె పాత్ర సంగతి చెప్పింది. తర్వాత పాట సంగతి చెప్పింది. ఆ పాటలో మాటలు తన భర్తకి తెలుసా అని అడిగింది.

అవతల పెద్దగా నవ్వు వినిపించింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

"తెలుసా అంటారేమిటమ్మా? ఆ పాట ఒక్కో ముక్కా ఆయనకి చెప్పింది నేనే."

"ఎందుకు అడిగాడు?"

"అది ఫోన్‌లో చెప్పే మాట కాదు" అన్నాడు లెస్టర్. "అది చెప్పాలంటే మా ఆవిడ జూన్‌ని కూడా అడగాలి నేను."

ఆదివారం మధ్యాహ్నం గుడిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక ఉందని, ఇద్దరినీ రమ్మని, పాత్ర అక్కడే ఇస్తానని దేవకుమారి చెప్పింది. మాట్లాడాలంటే మాట్లాడవచ్చని, తమ సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఎవరికైనా చోటుంటుందని కూడా చెప్పింది.

ఆ మధ్యాహ్నమే గుడి నేలమాళిగలో తల్లీ కూతుళ్ళు పుస్తకాలు అచ్చు వేశారు. ఆ గుడి అమెరికన్ సంఘానిది. ఆదివారం వాళ్ళ ఆరాధన అయ్యాక తెలుగువాళ్ళకి ఇస్తారు. వాళ్ళ సైక్లోస్టైల్ యంత్రం వాడుకోనిస్తారు. దేవకుమారి స్టెన్సిల్‌ని డ్రమ్ము మీద ముడత లేకుండా పరుస్తుంటే నవోమి పిడి తిప్పింది. తడి ఆరని పేజీలు ఒకదాని మీద ఒకటి జారి పడ్డాయి. నలభై రెండో స్టెన్సిల్ వేసినప్పుడు అంకెలు తప్ప ఏమీ లేని కాగితాలు వచ్చాయి.

"ఇంత పెద్ద పేజీకి ఇంతేనా?" అంది నవోమి.

"తిప్పు. ఆపకు" అంది తల్లి.

*

ఆదివారం జనం బాగానే వచ్చారు. ముందు బల్ల మీద సుందర్ రాజ్ ఫోటో, పక్కన తెల్ల కార్నేషన్ పూలు. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు కోసం తీసిన ఫోటోనే పెద్దది చేయించారు. అందులో ఆయన ఏదో జోకు చెప్పబోతూ బిగబట్టుకున్నట్టు ఉంటాడు.

కొత్త పుస్తకాలు పంచారు. సిరా వాసన ఇంకా పోలేదు. జనం పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగడం, పక్కవాళ్ళకి చూపించడం, ముందు వరసలో కూర్చున్న దేవకుమారికి వెనక్కి తిరగకుండానే తెలిసింది. ఎవరో పిల్ల గట్టిగానే అంది, "మమ్మీ, ఇక్కడ ఆంటీ రాయడం మర్చిపోయింది." ఆ పిల్లను ఎవరో ఊరుకోబెట్టారు.

ఆ సంఘంలో పాట పాడే తీరు ఒకటుంది. చూపులేని పెద్దలకోసం, తెలుగు చదవలేని పిల్లలకోసం, నడిపించేవాళ్ళు ముందు మొదటి పంక్తిని మామూలు మాటలా చదువుతారు. తర్వాత అందరూ ఎత్తుకుంటారు. అందరికన్నా ముందు జ్ఞానమ్మ ఎత్తుకుంటుంది. శ్రుతి ఆమెదే. జోసఫ్ కీబోర్డు మీద ఆమెను వెతుక్కుంటూ వెళ్ళవలసిందే. ఆనందబాబు పదిహేడో పాట మొదటి పంక్తి చదివాడు, జ్ఞానమ్మ ఎత్తుకుంది, అందరూ పాడారు. వాక్యం చదివారు. ప్రార్థన చేశారు.

సాక్ష్యాలు అనగానే వెనక వరసలో లెస్టర్ లేచాడు. భారీ మనిషి. సూటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది. చంకలో పలచటి అట్ట ఒకటి. పక్కనే కూర్చున్న జూన్ చెయ్యి ఒకసారి నొక్కి వదిలి, నడవలోంచి ముందుకొచ్చాడు. అట్టను ఫోటో పక్కన నిలబెట్టాడు. వెర్న్ హోలిస్టర్ నవ్వు ముఖం.

గుడిలో చిన్న కదలిక పుట్టింది. ఆనందబాబు ముఖం ఎర్రబడింది. కానీ ఆయన కూర్చోలేదు. ఇంగ్లీషులో మాట్లాడే అతిథి ఎవరొచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేది ఆయనే. ఆ పని ఆయన ప్రాణం పెట్టి చేస్తాడు. అతిథి మాటకి ఒకటి కలపడు, ఒకటి తీయడు. జ్ఞానమ్మలాంటివాళ్ళకి ఆయన నోటినుంచి వచ్చిందే అతిథి చెప్పింది.

లెస్టర్ ఒక్కో వాక్యం చెప్పి ఆగుతున్నాడు. ఆనందబాబు చెబుతున్నాడు.

"నేను మాటలు రానివాణ్ణి."

"సుందర్, నేను ఒకే బెంచీ దగ్గర పనిచేశాం. కారు రేకులు నొక్కే ఉక్కు అచ్చులకి కొలతలు చూసే పని."

"ఆ రోజుల్లో నేను..." ఆనందబాబు గొంతు సవరించుకున్నాడు. "తాగేవాణ్ణి. పనికి వచ్చినా తాగే వచ్చేవాణ్ణి."

"నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. డబ్బాలో నాకు భోజనం ఉండేది కాదు. సుందర్ తనదాంట్లో సగం పెట్టేవాడు. కారం. చాలా కారం."

ఎవరో నవ్వారు. దేవకుమారి ఒడిలో చేతులు కదిలాయి. అంత భోజనం ఎలా తింటున్నావని అప్పట్లో భర్తని అడిగేది. ఆకలి ఎక్కువైంది, ఇంకో రెండు చపాతీలు పెట్టు అనేవాడు.

"రేడియోలో ఈ పాట వస్తే నేను కట్టేసేవాణ్ణి. ఎందుకు కట్టేస్తావు అని అడిగాడు. అది నా పాట, అందుకని, అన్నాను."

"అయితే చెప్పు అన్నాడు. భోజనాల దగ్గర ఒక్కో ముక్కా చెప్పించుకున్నాడు. తెలియని మాట వస్తే నన్ను వదిలేవాడు కాదు."

"మొత్తం విని, లెస్టర్, ఇది నీ ఒక్కడి పాట కాదు, నాది కూడా, అన్నాడు. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ చెప్పాడు, తిరిగొస్తే తండ్రి చేర్చుకున్న కథ. నేను చిన్నప్పుడు కెంటకీలో విన్న కథే. మర్చిపోయాను."

"మా ఆవిడ తలుపు తీయదు అన్నాను. వెళ్ళి చూశావా అన్నాడు."

"ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. నీ పేరు నా ఇంట్లో కూడా చెప్పను, కానీ పాట మాత్రం నేను తీసుకెళ్తాను, అన్నాడు."

దేవకుమారి ఫోటో వంక చూసింది. బిగబట్టుకున్న ఆ నవ్వు వంక. ఫ్యాక్టరీలో దొరికింది. ఉన్నమాటే చెప్పాడు. తనది కాని ఒక్క మాట మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆమె పక్కన నవోమి నిటారుగా కూర్చుంది.

"నేను ఇంటికి వెళ్ళేసరికి తెల్లవారుతోంది. మంచు పడుతోంది. నా తాళంచెవి ఆమె ఎప్పుడో తీసేసుకుంది. చాలాసేపు కారులోనే కూర్చున్నాను. తర్వాత మెట్లెక్కి తలుపు మీద చెయ్యి వేశాను."

లెస్టర్ వెనక వరస వంక చూశాడు. జూన్ తల వంచుకోలేదు. ఆయన ఒక చిన్న వాక్యం చెప్పి ఆగాడు.

ఆనందబాబు నోరు తెరిచి, మూశాడు. గుడి అంతా ఆయన నోటివంక చూస్తోంది. ఇంకో మాట కోసం ఆయన వెతుక్కోవడం దేవకుమారికి కనిపించింది. బడిలో పిల్లలు విడిపోయిన బొమ్మ ముక్కల్లోంచి సరిపోయేదాని కోసం తడుముకునేటప్పుడు కళ్ళు అలాగే ఉంటాయి. ఆయన లెస్టర్ వంక చూశాడు. ఆ మనిషి ఏమీ తెలియక, ఓపిగ్గా, తన వాక్యం తెలుగులో వినపడటం కోసం ఎదురుచూస్తున్నాడు.

"గడియ వేయలేదు" అన్నాడు ఆనందబాబు. ఒక్క క్షణం ఆగి, మిగిలింది కూడా చెప్పాడు. "తలుపు... గడియ వేయలేదు."

మూలనుంచి జ్ఞానమ్మ ఎత్తుకుంది.

పాట మొదటి పంక్తి చదివారనుకుంది ఆమె. ఆమె చెవికి అది రోజూ జరిగేదే. కొడుకు పంక్తి చదివాడు, తను అందుకోవాలి.

*గడియ వేయలేదు తలుపు, గడియ వేయలేదు*
*తెల్లవారి నే వచ్చినా దీపమార్పలేదు*

ఆ ముసలి గొంతు ఒక్కటే రెండు పంక్తులూ దాటింది. ఆనందబాబు చెయ్యి ఆపమన్నట్టు పైకి లేచింది. గాల్లో కాసేపు ఉంది. తర్వాత మెల్లగా బల్ల మీదికి దిగింది. జోసఫ్ శ్రుతి పట్టుకున్నాడు. ఒక వరస, ఇంకో వరస కలిశాయి. ఒళ్ళో పుస్తకాలు తెల్ల పేజీ దగ్గర తెరుచుకుని ఉన్నాయి. ఎవరూ వాటి వంక చూడటంలేదు.

బాణీ తెలిసినదే కావడంతో లెస్టర్ ముఖంలో ముందు ఆశ్చర్యం వచ్చింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, తన భాషలో కింది స్థాయి పట్టుకున్నాడు. రెండో చరణానికి ఆనందబాబు పెదవులు కూడా కదలడం దేవకుమారి చూసింది. తను మాత్రం పాడలేదు. కూర్చుని విన్నది. ఇన్నాళ్ళూ ఈ పాటలో ఆయన గొంతు పక్కన తన గొంతు ఉండేది. అవతలినుంచి ఎలా వినిపిస్తుందో ఆమెకు ఇవాళే తెలిసింది. బాగుంది పాట.

*

భోజనాలు నేలమాళిగలో. లెస్టర్ పళ్ళెం నిండా బిర్యానీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఇదే, ఇదే కారం అంటూ జూన్‌కి చూపిస్తున్నాడు. శాంతి ఆయనకి మజ్జిగ పోసి ఇచ్చింది. దేవకుమారి కడిగి తుడిచి తెచ్చిన గాజు పాత్రను జూన్ చేతుల్లో పెట్టింది. జూన్ ఆ పాత్రతోపాటు ఆమె చేతులు కూడా పట్టుకుని, కాసేపు వదల్లేదు.

ఆనందబాబు కొత్త పుస్తకం పట్టుకుని వచ్చాడు. నలభై రెండో పేజీ దగ్గర వేలు పెట్టి ఉంది.

"సిస్టర్, ఇందులో రాసిపెడతారా?" అన్నాడు. గొంతు తగ్గించలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు.

దేవకుమారి పుస్తకం అందుకోబోయి, ఆగింది.

"మీరే రాయండి బ్రదర్. నేను చెబుతాను."

"నేనా? తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో. కోడి గీకినట్టుంటుంది నా రాత."

"ఫర్వాలేదు. మీ పుస్తకమే కదా."

ఆయన మడత కుర్చీలో కూర్చున్నాడు. పుస్తకం పలచగా ఉంది, మోకాలి మీద నిలవడంలేదు. నవోమి పైకి పరుగెత్తి ఫోటో పక్కనున్న రికార్డు అట్ట తెచ్చి కింద పెట్టింది. ఆయన దాని వంక చూశాడు. దేవకుమారి వంక చూశాడు.

"పాత కీర్తనల పుస్తకాల్లో పైన బాణీ ఎక్కడిదో వేస్తారు కదా" అన్నాడు మెల్లగా. "ఇక్కడ ఏమని రాయను?"

"ఉన్నదున్నట్టు రాయండి."

ఆనందబాబు పుస్తకం కాస్త జరిపి, అట్ట మీది పేరు చూసి, అంకెల కింద ఒక్కో అక్షరమే దిద్దాడు. బాణీ: వెర్న్ హోలిస్టర్. ఈలోగా జోసఫ్ పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు. శాంతి హ్యాండ్‌బ్యాగులోంచి రెండు తీసి ఒకటి పక్కకి ఇచ్చింది. తెల్ల పేజీలు ఒక్కొక్కటే మోకాళ్ళ మీదికి వచ్చాయి. తెలుగు రాయడం రాని పిల్లలు అమ్మల భుజాల మీదుగా వంగి చూస్తున్నారు.

దేవకుమారి గోడ దగ్గర నిలబడింది. బడిలో నిలబడినట్టే, చేతులు ముందు కట్టుకుని.

"గడియ వేయలేదు తలుపు" అని చెప్పి ఆగింది. పెన్నుల చప్పుడు. మూల కుర్చీలో జ్ఞానమ్మ ఎత్తుకోబోయింది. శాంతి ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "ఇప్పుడు కాదత్తయ్యా, రాసుకుంటున్నాం" అంది.

"అయిందా?" అని అడిగింది దేవకుమారి.

అయిందన్నారు కొందరు.

"ఆగండి సిస్టర్" అన్నాడు ఆనందబాబు తల ఎత్తకుండా. "ఇంకా రాస్తున్నాను."

ఆమె ఆగింది.